మద్రాసులో దొరికిన కొత్త చుక్క

(సాయంకాలం చదువుల కేంద్రంలో మహిళల ముందు చేసిన ప్రసంగం)

 

పొద్దంతా పని చేసి వచ్చారు. కొందరు పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. అందుకని మిమ్మల్ని ఎక్కువసేపు కూర్చోబెట్టను. ఈరోజు ఒక రాయి గురించి చెప్తాను. ఆ రాయి నేల మీద లేదు. ఆకాశంలో ఉంది. దాని పేరు సిల్వియా.

"ఆకాశంలో రాయి సంగతి మాకెందుకమ్మా?" అని మీరు అడగొచ్చు. అడగాలి కూడా. ముందు దానికే జవాబు చెప్తాను.

మా మేకల కథ

1979లో నేను చిన్నపిల్లను. స్కైలాబ్ అని అమెరికా వాళ్ల యంత్రం ఒకటి ఆకాశంలో తిరుగుతుండేది. దాని పని అయిపోయింది. అది కిందికి జారి పడబోతోందని వార్త వచ్చింది. ఎక్కడ పడుతుందో ముందుగా ఎవరూ కచ్చితంగా చెప్పలేకపోయారు.

ఇంకేముంది! పల్లెల్లో పుకార్లు లేచాయి. మన ఊరి మీదే పడుతుందన్నారు. లోకం మునిగిపోతుందన్నారు. ఉన్నన్నాళ్లు తిని పోదామని కోళ్లను, మేకలను కోసుకున్న వాళ్లున్నారు. వచ్చిన ధరకు అమ్ముకున్న వాళ్లున్నారు.

మా అమ్మకు రెండు పాడి మేకలుండేవి. ఒకాయన వచ్చి, "రేపో మాపో అందరం పోయేవాళ్లమే, ఇచ్చెయ్యమ్మా" అన్నాడు. అడిగిన ధరకు అమ్మ ఇచ్చేసింది. ఉన్న ఒక్క కోడినీ కోసి మాకు కూర వండి పెట్టింది. రాత్రి మమ్మల్ని దగ్గరకు తీసుకుని వాకిట్లో కూర్చుంది.

తెల్లవారింది. మేమందరం బతికే ఉన్నాం. స్కైలాబ్ ముక్కలు కొన్ని హిందూ మహాసముద్రంలో పడ్డాయి. కొన్ని ఆస్ట్రేలియా దేశంలో పడమటి వైపు పడ్డాయి. మా ఊళ్లో ఒక గడ్డిపరక కూడా కాలలేదు. కానీ మేకలు తిరిగి రాలేదు. ఆ ఏడంతా మా తమ్ముడికి పాలు లేవు. మేకలు కొన్నాయన మాత్రం బాగానే ఉన్నాడు.

మా అమ్మ తెలివి తక్కువది కాదు. ఆమెకు ఆ సంగతి విడమరచి చెప్పేవాళ్లు లేరు. అంతే.

ఇప్పుడు కూడా అలాంటి మాటలు వస్తూనే ఉంటాయి. "ఫలానా తారీఖున ఆకాశంలో పెద్ద రాయి వచ్చి భూమిని గుద్దుతుంది" అని ఫోనుల్లో చెప్పుకుంటుంటారు. అందుకే ఆ రాళ్ల సంగతి తెలుసుకుందాం.

గ్రహశకలం అంటే ఏమిటి?

సూర్యుడి చుట్టూ గ్రహాలు తిరుగుతాయి. మన భూమి కూడా ఒక గ్రహమే. మన తర్వాత అంగారకుడు తిరుగుతాడు. ఆయన్నే కుజుడు అంటాం. కుజుడికి అవతల చాలా దూరంలో బృహస్పతి ఉన్నాడు. గ్రహాలన్నింటిలో ఆయనే పెద్దవాడు.

కుజుడికీ బృహస్పతికీ నడుమ ఖాళీ చోటు ఎక్కువ. ఆ చోటులో లక్షల రాళ్లు సూర్యుడి చుట్టూ తిరుగుతున్నాయి. వీటినే గ్రహశకలాలు అంటారు. శకలం అంటే ముక్క. అయితే ఏదో పెద్ద గ్రహం పగిలి ఇన్ని ముక్కలు అయిందని అనుకోకండి. సుమారు 450 కోట్ల ఏళ్ల కిందట గ్రహాలు తయారైనప్పుడు అక్కడి రాళ్లు ఒక ముద్దగా కలవలేకపోయాయి. పక్కనున్న బృహస్పతి లాగుడు వాటిని కలవనివ్వలేదు. రొట్టె చేసే చోట ఒక మూల మిగిలిపోయిన పిండి లాంటివి అవి.

వీటిలో మొట్టమొదటిది 1801 జనవరి 1న దొరికింది. ఇటలీ వైపు సిసిలీ దీవిలో పియాజీ అనే ఆయన దాన్ని చూశాడు. దాని పేరు సెరెస్. అన్నింటిలోకీ అదే పెద్దది. అయినా మన చందమామ అడ్డుకొలతలో మూడో వంతు కూడా లేదు. ఆ నడిమి చోటులో ఉన్న రాళ్లన్నీ పోగు చేసినా బరువులో చందమామకు చాలా తక్కువే తూగుతాయి.

ముగ్గులో వరస తప్పిన చుక్క

ఇప్పుడు మన సిల్వియా దగ్గరికి వద్దాం. ఇది ఎక్కడో పరాయి దేశంలో దొరకలేదు. మన పక్కనున్న మద్రాసులో దొరికింది. ఇప్పుడు ఆ ఊరిని చెన్నై అంటున్నాం. అప్పట్లో మన కోస్తా జిల్లాలు, రాయలసీమ జిల్లాలు మద్రాసు కిందే ఉండేవి.

మద్రాసులో నుంగంబాకం అనే చోట నక్షత్రశాల ఉండేది. అంటే ఆకాశాన్ని దుర్భిణిలో చూసి లెక్కలు రాసుకునే ఇల్లు. ఈస్టిండియా కంపెనీ వాళ్లు 1792లో దాన్ని కట్టించారు. అక్కడ దుర్భిణి నిలబెట్టడానికి ఒక పెద్ద రాతి స్తంభం నాటారు. ఆ స్తంభం మీద చెక్కిన భాషల్లో మన తెలుగు కూడా ఉంది.

1861లో నార్మన్ పోగ్సన్ అనే ఇంగ్లీషు ఆయన ఆ నక్షత్రశాలకు పెద్ద అధికారిగా వచ్చాడు. వచ్చిన కొద్ది నెలల్లోనే, ఏప్రిల్ 17న, ఒక గ్రహశకలాన్ని కనిపెట్టాడు. ఆసియా ఖండం నుంచి కనిపెట్టిన మొదటి గ్రహశకలం అదే. అందుకే దానికి ఆసియా అని పేరు పెట్టారు. మద్రాసు నుంచి ఆయన మొత్తం 5 గ్రహశకలాలను కనిపెట్టాడు. అందులో ఒకటి సిల్వియా. అది 1866 మే 16న దొరికింది. లోకంలో అప్పటిదాకా దొరికిన వాటి వరసలో దాని నంబరు 87.

ఎలా కనిపెట్టాడు? ఈ సంగతి మీకు సులువుగా అర్థమవుతుంది. మీరు రోజూ ముగ్గు పెడతారు. ముందు చుక్కలు పెడతారు. ఒక్క చుక్క వరస తప్పితే మీ కంటికి వెంటనే తెలుస్తుంది కదా!

ఆయన చేసిందీ అదే. ఆకాశంలో కొంత చోటు తీసుకుని, అందులో కనిపించిన చుక్కలన్నీ పటంలో గుర్తు పెట్టుకునేవాడు. మర్నాడు రాత్రి మళ్లీ చూసేవాడు. నక్షత్రాలు ఒకదానికొకటి ఉన్న ఎడం మార్చుకోవు. నిన్నటి వరసే నేడూ ఉంటుంది. ఏదైనా ఒక చుక్క కొంచెం పక్కకు జరిగిందంటే, అది నక్షత్రం కాదు. సూర్యుడి చుట్టూ తిరుగుతున్న దేదో అయి ఉండాలి. అలా జరిగిన చుక్కే సిల్వియా.

వినడానికి సులువే. కానీ అప్పుడు ఫొటోలు తీసి పోల్చుకునే పద్ధతి లేదు. కంటితో చూడాలి. చేత్తో రాయాలి. మద్రాసులో మే నెల ఎండలు మీకు తెలుసు. ఆ ఉక్కలో, దోమల్లో రాత్రంతా మేలుకోవాలి. మబ్బు పడితే ఆ రాత్రి పని పోయినట్టే.

ఆ నక్షత్రశాలలో మన వాళ్లు కూడా పని చేశారు. చింతామణి రఘునాథాచారి అనే ఆయన వాళ్లలో ముఖ్యుడు. వాళ్లది పంచాంగాలు కట్టే కుటుంబం. 1867లో వెలుగు హెచ్చుతూ తగ్గుతూ ఉండే ఒక నక్షత్రాన్ని ఆయన కనిపెట్టాడు. 1874లో శుక్రగ్రహం సూర్యుడికి అడ్డంగా నడిచింది. అది చూసి జనం భయపడకూడదని ఆయన ఆ సంగతి వివరిస్తూ దేశ భాషల్లో చిన్న పుస్తకం తెచ్చాడు.

సిల్వియా ఎంత? ఎలా ఉంటుంది?

సిల్వియా గుండ్రంగా ఉండదు. చిలగడదుంపలాగా కోలగా ఉంటుంది. పొడుగు 360 కిలోమీటర్ల పైనే. అడ్డం సుమారు 250 కిలోమీటర్లు. ఇంకో వైపు సుమారు 200 కిలోమీటర్లు. అన్నీ కలిపి సగటు తీస్తే సుమారు 270 కిలోమీటర్లు. హైదరాబాదు నుంచి విజయవాడకు బస్సులో పోతే ఎంత దూరమో ఇంచుమించు అంత.

అక్కడికి ఎవరూ పోలేదు కదా, కోలగా ఉందని ఎలా తెలిసింది? ఒక చిలగడదుంపను దీపం ముందు పట్టుకుని మెల్లగా తిప్పండి. పక్క భాగం మన వైపు ఉన్నప్పుడు ఎక్కువ వెలుగు కనిపిస్తుంది. కొన మన వైపు తిరిగితే వెలుగు తగ్గుతుంది. సిల్వియా వెలుగు కూడా అలాగే హెచ్చుతూ తగ్గుతూ ఉంటుంది. దాన్ని బట్టి అది కోలగా ఉందనీ, తన చుట్టూ తాను తిరుగుతోందనీ తెలిసింది. ఒకసారి తిరగడానికి దానికి 5 గంటల 11 నిమిషాలు పడుతుంది. మనకు ఒక పగలు, ఒక రాత్రి గడిచేలోపల అది నాలుగున్నర సార్లు తిరుగుతుంది.

సూర్యుడి చుట్టూ తిరగడానికి మాత్రం ఆరున్నర ఏళ్లు పడుతుంది. మీ పిల్ల పుట్టిన రోజున బయలుదేరితే, పిల్ల పలకా బలపం పట్టి ఒకటో తరగతిలో కూర్చునేనాటికి ఒక చుట్టు పూర్తవుతుంది.

దాని రంగు బాగా నలుపు. నూరు పాళ్లు వెలుగు దాని మీద పడితే నాలుగైదు పాళ్లే తిరిగి వస్తుంది. మిగతాదంతా అదే మింగేస్తుంది. కట్టెల పొయ్యి మీద పెట్టిన కుండ అడుగు ఎలా ఉంటుందో అలా అనుకోండి. నలుపు, దూరం, రెండూ ఉన్నాయి. అందుకే మామూలు కంటికి సిల్వియా కనిపించదు. దుర్భిణి ఉండాల్సిందే.

తల్లికి ఇద్దరు పిల్లలు

సిల్వియా అనే పేరు రోము దేశపు పాత కథలోది. రియా సిల్వియా అనే ఆమెకు కవల పిల్లలు పుడతారు. రాజు వాళ్లను నదిలో వేయిస్తాడు. తోడేలు వాళ్లకు పాలిచ్చి బతికిస్తుంది. ఆ పిల్లల పేర్లు రోములస్, రీమస్. మన కుంతి కర్ణుడిని పెట్టెలో పెట్టి నీళ్లలో వదిలిన కథ గుర్తొస్తోంది కదూ!

పేరు పెట్టిన 135 ఏళ్లకు ఒక వింత జరిగింది. 2001లో హవాయి దీవి కొండ మీద ఉన్న పెద్ద దుర్భిణితో చూస్తే, సిల్వియా చుట్టూ ఒక చిన్న చందమామ తిరుగుతూ కనిపించింది. 2004లో దక్షిణ అమెరికాలోని చిలీ దేశం నుంచి చూస్తే ఇంకొకటి దొరికింది. 2005లో ఈ సంగతి లోకానికి చెప్పారు. రెండు చందమామలున్న గ్రహశకలం దొరకడం అదే మొదలు. తల్లి పేరు సిల్వియా కదా! అందుకని వాటికి రోములస్, రీమస్ అనే పేర్లే పెట్టారు.

రోములస్ సుమారు 20 కిలోమీటర్లు ఉంటుంది. మూడున్నర రోజులు దాటాక ఒక చుట్టు తిరుగుతుంది. రీమస్ ఇంకా చిన్నది. తల్లికి దగ్గరగా తిరుగుతుంది. 33 గంటల్లో ఒక చుట్టు పూర్తి చేస్తుంది.

తక్కెడ లేకుండా తూకం

ఈ పిల్లల వల్ల పెద్ద మేలు జరిగింది. తల్లి బరువు తెలిసింది.

జొన్న చేలో మంచె ఎక్కి మీరు వడిసెల తిప్పి ఉంటారు. రాయి ఎంత జోరుగా తిరిగితే మీ చెయ్యి అంత గట్టిగా పట్టి ఉంచాలి. లేకపోతే రాయి ఎగిరిపోతుంది. చందమామలకు తాడు లేదు. తల్లి లాగుడే వాటికి తాడు. తల్లి ఎంత బరువుంటే అంత గట్టిగా లాగుతుంది. పిల్ల ఎంత దూరంలో, ఎంత జోరుగా తిరుగుతోందో చూస్తే, తల్లి బరువు లెక్కకు వస్తుంది.

అలా లెక్క కడితే ఒక కొత్త సంగతి బయటపడింది. ఒక బిందె నీళ్ల బరువును ఒకటి అనుకోండి. అంతే కొలత గట్టి బండరాయి అయితే రెండున్నర, మూడు రెట్లు తూగుతుంది. సిల్వియా మాత్రం ఒకటీ పావు, ఒకటిన్నరకు మధ్య తూగింది. అంత పెద్ద రాయి ఇంత తేలిక ఏమిటి?

ఒక బస్తాలో బియ్యం పోయండి. అదే బస్తాలో వేరుశనగ కాయలు పోయండి. రెండో బస్తా తేలిక. కాయలో గాలి ఉంది. కాయకూ కాయకూ నడుమ సందు ఉంది. సిల్వియా కూడా అలాంటిదే. లోపల ఖాళీ సందులు చాలా ఉన్నాయనీ, మంచు కూడా కలిసి ఉండొచ్చనీ శాస్త్రజ్ఞుల అంచనా. ఎప్పుడో కోట్ల ఏళ్ల కిందట ఇంకో రాయి గుద్ది అది చెదిరిపోయి ఉంటుంది. ముక్కలు తిరిగి కుప్ప పడి ఇప్పటి సిల్వియా అయి ఉంటుంది. ఆ దెబ్బకు లేచిన ముక్కలే ఇద్దరు పిల్లలూ అయి ఉంటారని అనుకుంటున్నారు.

లెక్కలు కట్టిన ఐసిస్

పోగ్సన్ గురించి చెప్పి ఆయన కూతురి గురించి చెప్పకపోతే తప్పు అవుతుంది. ఆమె పేరు ఎలిజబెత్ ఐసిస్ పోగ్సన్. 1852లో పుట్టింది. తండ్రి సిల్వియాను చూసిననాటికి ఆమెకు 13 ఏళ్లు. 1873లో మద్రాసు నక్షత్రశాలలో సహాయకురాలిగా చేరింది. రాత్రి చూసి రాసిన అంకెలను పగలు కూర్చుని లెక్క కట్టాలి. ఆ లెక్క తప్పితే చూసిందంతా దండగే. పాతికేళ్లు ఆమె అక్కడ పని చేసింది. వానలు, గాలుల లెక్కలు చూసే పని కూడా మద్రాసు ప్రభుత్వం ఆమెకు అప్పగించింది.

లండనులో నక్షత్ర శాస్త్రజ్ఞుల సంఘం ఉంది. 1886లో తండ్రి ఆమె పేరును ఆ సంఘానికి పంపాడు. సంఘం వాళ్లు వకీళ్లను అడిగారు. "సంఘం పత్రంలో సభ్యుడి గురించి చెప్పిన ప్రతిచోటా 'అతను' అని రాసి ఉంది, 'ఆమె' అని లేదు. కాబట్టి ఆడవాళ్లను చేర్చుకోవడం కుదరదు" అనే అర్థం వచ్చేలా వకీళ్లు చెప్పారు. ఒక్క మాట అడ్డం పెట్టి ఆమెను బయట నిలబెట్టారు.

ఆమె పని మానలేదు. 1920లో అదే సంఘం ఆమెను సభ్యురాలిగా చేర్చుకుంది. అప్పటికి ఆమెకు 67 ఏళ్లు నిండాయి. మధ్యలో 34 ఏళ్లు గడిచిపోయాయి. ఐసిస్ అనే పేరుతో కూడా ఆకాశంలో ఒక గ్రహశకలం ఉంది. 1856లో, ఆమె చిన్నపిల్లగా ఉండగా, తండ్రి ఇంగ్లండులో దాన్ని కనిపెట్టాడు.

మరి మన మీద పడుతుందా?

ఇక మొదటి మాటకు వస్తాను. సిల్వియా వచ్చి మన మీద పడుతుందా?

పడదు. సూర్యుడి నుంచి మనం 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాం. సిల్వియా సుమారు 52 కోట్ల కిలోమీటర్ల దూరంలో తిరుగుతుంది. మనకు ఎంత దగ్గరికి వచ్చినా 30 కోట్ల కిలోమీటర్ల అవతలే ఉంటుంది. అంటే చందమామ ఉన్న దూరానికి దాదాపు 800 రెట్లు. దాని దారి వేరు, మన దారి వేరు. కుజుడికి అవతల ఉన్న లక్షల రాళ్లలో చాలా వాటి సంగతి ఇంతే.

అన్నీ అలాంటివే అని చెప్తే మీకు అబద్ధం చెప్పినట్టు అవుతుంది. కొన్ని రాళ్లు దారి తప్పి మన వైపు వస్తాయి. 2013 ఫిబ్రవరి 15న రష్యాలో చెల్యాబిన్‌స్క్ అనే ఊరి మీద ఆకాశంలో ఒక రాయి పేలింది. అది సుమారు 20 మీటర్లు ఉంటుంది. ఇళ్ల కిటికీ అద్దాలు పగిలి వెయ్యి మందికి పైగా గాయపడ్డారు. అందుకే ఇలాంటి రాళ్లను కనిపెట్టి, దారి లెక్క కట్టే పని రాత్రింబగళ్లు జరుగుతోంది. 2022లో అమెరికా వాళ్లు ఒక చిన్న యంత్రాన్ని పంపి, ఆకాశంలో ఒక రాయిని కావాలనే గుద్దించారు. దాని దారి కొంచెం మారింది. అవసరమైతే రాయిని పక్కకు నెట్టవచ్చని తెలిసింది.

కాబట్టి భయపడి కూర్చోవద్దు. ఎవరేం చెప్పినా నమ్మనూ వద్దు. ఈసారి ఎవరైనా "రాయి పడుతుంది, లోకం పోతుంది" అంటే నాలుగు ప్రశ్నలు అడగండి.

అది ఎంత దూరంలో ఉంది?
అది ఎంత పెద్దది?
దాన్ని ఎవరు చూశారు?
ఆ దూరాన్ని ఎలా కొలిచారు?

జవాబు చెప్తే వినండి. చెప్పలేకపోతే పంపించెయ్యండి.

ఇంకో చిన్న పని. ఈ రాత్రి వాకిట్లోకి వచ్చి ఆకాశం చూడండి. మిణుకు మిణుకుమనకుండా నిలకడగా వెలిగే చుక్క కనిపిస్తే, అది గ్రహం కావచ్చు. దాని చుట్టూ ఉన్న చుక్కలను మీ నోటు పుస్తకంలో ముగ్గు చుక్కల్లాగా పెట్టుకోండి. తారీఖు రాయండి. పదిహేను రోజుల తర్వాత మళ్లీ చూసి మళ్లీ పెట్టండి. ఏ చుక్క జరిగిందో మీకే తెలుస్తుంది. మద్రాసులో సిల్వియా దొరికింది ఇలాంటి పని వల్లే.

మా అమ్మకు ఈ నాలుగు ప్రశ్నలు ఎవరూ నేర్పలేదు. మీకు తెలిశాయి. మీ పిల్లలకు చెప్పండి. పక్కింటి ఆమెకు చెప్పండి. జవాబు సరిగ్గా దొరికేదాకా మాత్రం మేకను అమ్మకండి.